ఎదుగుతున్న ఆర్థిక వ్యవస్థల్లో వ్యాపారం దేని మీద నిలబడుతుంది? పల్నాడు పైపుల షాపు నుంచి ఒక సమాధానం

మన దేశం లాంటి ఎదుగుతున్న ఆర్థిక వ్యవస్థల్లో వ్యాపారం బాగుపడటానికీ చెడటానికీ అసలు కారణాలేమిటి, జీడీపీ, ప్రభుత్వ విధానం, టెక్నాలజీ వీటిలో దేన్ని ముందు చూడాలి అని మీరు అడిగారు. ఎంబీఏ అయ్యాక సొంత ఊళ్లో డీలర్‌షిప్ తీసుకునే ఆలోచన ఉందని కూడా రాశారు. నేను పల్నాడులో పీవీసీ పైపులు, వ్యవసాయ మోటార్లు అమ్ముతాను. మా నాన్నగారి హయాం నుంచి ఉన్న షాపు. కారణాల జాబితా మీకు కాలేజీలో చెప్పే ఉంటారు, అందుకే నేను కౌంటర్ దగ్గర కూర్చుని చూసింది మాత్రమే రాస్తాను.

నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒక్కటే: అమ్మిన సరుకు డబ్బు ఏ నెలలో చేతికొస్తుంది, అది ఎవరి చేతుల్లో ఉంది. జీడీపీ ఆరు శాతం పెరిగినా ఏడు శాతం పెరిగినా మా షాపులో ఆ తేడా కనపడదు. గుంటూరు యార్డులో మిర్చి ధర క్వింటాలుకు రెండు వేలు పడితే మాత్రం వారం తిరక్కుండా కనపడుతుంది.

ముందు ఒక బిల్లు చూద్దాం. రైతుకి జూలైలో లక్ష రూపాయల సరుకు ఇచ్చాననుకోండి, మీద 18 శాతం జీఎస్టీ. నా మార్జిన్ ఎనిమిది వేలు. అంటే నేను కంపెనీకి కట్టింది 92 వేలు, దాని మీద జీఎస్టీ 16,560. రైతు బిల్లు మీద పన్ను 18 వేలు కాబట్టి తేడా 1,440 నేను ప్రభుత్వానికి కట్టాలి. నెలవారీ రిటర్న్ వేసేవాళ్లకు అరువు అమ్మకమైనా నగదు అమ్మకమైనా మరుసటి నెల 20వ తేదీయే గడువు, రైతు ఇచ్చేదాకా అది ఆగదు. మొత్తం 1,10,000 నా జేబులోంచి వెళ్లిపోయింది. బ్యాంకు వడ్డీ 11 శాతం వేసుకుంటే నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు. ఆరు నెలలకు ఆరు వేలు పోతుంది, మిగిలేది రెండు వేల లోపు. అందులోంచే షాపు అద్దె, కుర్రాళ్ల జీతాలు, కరెంటు. రైతు ఇంకో రెండు నెలలు ఆగమన్నాడా, ఆ ఎనిమిది వేలూ పూర్తిగా వడ్డీకే సరిపోతాయి. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి తిప్పేవాడికైతే నాలుగో నెలకే లాభం అయిపోతుంది. అమ్మకాలు రెట్టింపైన ఏడాదే షాపు మూతపడిన డీలర్లను మా చుట్టుపక్కల చూశాను. బయటివాళ్లకు అది వింతగా ఉంటుంది, ఈ లెక్క తెలిసినవాళ్లకు ఉండదు.

ఇందులో బ్యాంకు పాత్ర కూడా చెప్పాలి. సీసీ లిమిట్ (సరుకు, రావాల్సిన బాకీల హామీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి) ఉందిగా, వాడుకోవచ్చుగా అంటారు. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్, అంటే సరుకు, బాకీల లెక్క, ఇచ్చినప్పుడు 90 రోజులు దాటిన బాకీలను సాధారణంగా బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. మా దగ్గర రైతు మోటారు కొనేది జూన్, ఆగస్టు మధ్య, డబ్బు ఇచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు. అంటే నాకు డబ్బు బాగా అవసరమైన నవంబరు, డిసెంబరు నెలల్లోనే లిమిట్ తగ్గుతుంది. బ్యాంకు నియమం నగరంలో నెలకోసారి డబ్బు చేతులు మారే వ్యాపారానికి సరిపోతుంది. పంటతో నడిచే వ్యాపారానికి సరిపోదు. ఆ ఖాళీలోకి ప్రైవేటు వడ్డీ వస్తుంది.

ఇక మార్కెట్ తీరు గురించి. దీనికి గుంటూరు మిర్చికంటే మంచి పాఠం నాకు తెలియదు. 2021 చివర్లో నల్ల తామర పురుగు తోటల మీద పడింది. పూత రాలిపోయి, ఆంధ్రలో, తెలంగాణలో చాలామంది తోటలు పీకేసుకున్నారు. సరుకు తగ్గి ధర ఎక్కింది. 2023లో మంచి తేజ రకం క్వింటాలు 20 వేలు దాటింది. ఆ ఎండాకాలంలో పాత బాకీలు అడగకుండానే వచ్చాయి. కొత్త బోర్లు పడ్డాయి, డ్రిప్ వేయించుకున్నారు, బైకుల షోరూముల్లో, బంగారం షాపుల్లో నిలబడటానికి చోటు లేదు. ఆ ధర చూసి అందరూ మిర్చే వేశారు. కోల్డ్ స్టోరేజీలు టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో, నిండిపోయాయి. చైనా, బంగ్లాదేశ్ లాంటి దేశాలు ఎంత కొంటాయన్నది మన చేతిలో లేని మాట. 2025 ఫిబ్రవరి నాటికి ధర దాదాపు సగానికి పడింది. చివరికి కేంద్రం, ధర పడినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. కౌలుతో కలిపి ఎకరాకు రెండు లక్షలకు అటూఇటూ పెట్టుబడి పెట్టిన రైతుకి అది ఏ మూలకి?

ఇది కొత్తేమీ కాదు. 2016లో మంచి ధర వచ్చింది, అందరూ వేశారు, 2017లో పడిపోయింది. అప్పుడు కేంద్రం ప్రకటించింది 5,000. అదే ఏడాది ఏప్రిల్‌లో ఖమ్మం మార్కెట్ యార్డులో రైతుల ఆగ్రహం యార్డు ఆఫీసు మీద దాడిదాకా వెళ్లింది. పైగా 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ నోట్లే. రైతు, కూలీ, కమీషన్ వ్యాపారి, మేము అందరం నోట్ల మీదే నడిచేవాళ్లం. ఆ ఏడాది డిసెంబరులో కోత కూలీకి ఇవ్వడానికి చిల్లర లేక పండిన కాయ చెట్టుకే ఉండిపోయిన పొలాలు చూశాను.

ఈ హెచ్చుతగ్గులు పెద్ద కంపెనీ రిపోర్టులో "గ్రామీణ డిమాండ్ మందగించింది" అని ఒక్క వాక్యంగా వస్తాయి. మా కౌంటర్ దగ్గర అది ఎలా ఉంటుందో చెబుతాను. 2025 మార్చిలో ఒక రైతు యార్డు నుంచి నేరుగా షాపుకొచ్చి అమ్మకం పట్టీ నా ముందు పెట్టాడు. పైన బస్తాలు, తూకం, ధర. కింద వరసగా కోతలు: కమీషన్, హమాలీ, కోల్డ్ స్టోరేజీ అద్దె, ముందు తీసుకున్న అప్పు, దాని వడ్డీ, పురుగుమందుల షాపు వాళ్లకి కట్టమన్నది. చివరి గడిలో మిగిలింది కోత కూలీలకే చాలదు. "నువ్వే చూడన్నా, ఇందులో నీకు ఎంత ఇమ్మంటావ్?" అన్నాడు. ఎగ్గొట్టే మనిషి కాదు, రెండేళ్ల క్రితం పంట డబ్బు రాగానే వచ్చి లెక్క తేల్చుకున్న మనిషే. ఆ పట్టీలో నా పేరు ఎక్కడా లేదు. మీరు డీలర్‌షిప్ పెట్టేముందు ఆలోచించాల్సింది ఇదే. మీ సరుకు రైతు అప్పుల వరసలో ఎన్నోది? విత్తనం, ఎరువు, పురుగుమందు ఇచ్చినవాళ్లకు ముందు కడతాడు, ఎందుకంటే వచ్చే ఏడు మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లాలి. మోటారు ఒకసారి కొంటే కొన్నేళ్లు చూడక్కర్లేదు కాబట్టి మావి వెనక పడతాయి.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్లు తరుణ్ ఖన్నా, మన కృష్ణ పాలెపు 1990ల నుంచి ఒక మాట చెబుతున్నారు. అభివృద్ధి చెందిన దేశాల్లో కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నమ్మకం కలిగించే వ్యవస్థలు ఉంటాయి, ఎదుగుతున్న దేశాల్లో అవి సగమే ఉంటాయి, ఆ ఖాళీని ఎవరు ఎలా పూడ్చుకున్నారన్నదే వ్యాపారాల జాతకాన్ని నిర్ణయిస్తుంది అని. గుంటూరులో ఆ ఖాళీని పూడ్చింది కమీషన్ వ్యాపారి. అతను అప్పిస్తాడు, సరుకు అమ్మిపెడతాడు, కోల్డ్ స్టోరేజీలో పెట్టిస్తాడు, ఇంట్లో పెళ్లికి సర్దుతాడు. అతన్ని దళారీ అని ఒక్క మాటతో తీసిపారేయడం తేలిక. కానీ కౌలు రైతు రాత్రికి రాత్రి లక్ష కావాలంటే ఇంకెవరి దగ్గరికి వెళ్లాలి? 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులకు సాగు హక్కు కార్డులు ఇచ్చే చట్టం వచ్చింది. దానికి భూమి యజమాని సంతకం కావాలి. భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు పెట్టరు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. అందుకే పండేది ఒకరి చెమటతో, పరపతి ఇంకొకరి పేరుతో. నా దృష్టిలో మా ప్రాంతంలో వ్యాపారాలకు అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఈ ఒక్క సంతకమే. అది సరిచేస్తే ఎరువుల షాపు నుంచి బట్టల షాపు దాకా అందరి వసూళ్లూ మారతాయి.

చట్టాలు లేవని కాదు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నుంచే చట్టం ఉంది. కట్టకపోతే ఆర్బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆదాయపు పన్నులో కొత్త సెక్షన్ కూడా తెచ్చారు, గడువు దాటాక కడితే కొన్నవాడికి ఆ ఖర్చు మినహాయింపు కట్టిన ఏడాదే వస్తుంది. ఆడిటర్లు ఫోన్లు చేసి మరీ చెప్పారు, మార్చిలో చాలామంది టెన్షన్ పడ్డారు. కానీ ఇది తయారీదారులకు, సేవలు అందించేవాళ్లకు వర్తిస్తుంది. నాలాంటి వ్యాపారి ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ చేయించుకున్నా అది బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే. ఒక కాంట్రాక్టర్ ప్రభుత్వ పనికని పైపులు తీసుకెళ్లి, బిల్లు రాలేదని ఏడాదికి పైగా తిప్పాడు. బిల్లు నిజంగానే రాలేదు, అతనూ అప్పుల్లోనే ఉన్నాడు. ప్రభుత్వం ఆలస్యం చేస్తే ఆ ఆలస్యం గొలుసులో అందరికంటే చిన్నవాడి దగ్గరికి వచ్చి ఆగుతుంది. అభివృద్ధి పనుల లెక్కలు చూసి పైపుల వ్యాపారం బాగుంటుందని అనుకునేవాళ్లు ఇది తప్పకుండా గమనించాలి.

టెక్నాలజీ సంగతి అడిగారు. యూపీఐ మా జీవితాన్ని మార్చింది, అందులో సందేహం లేదు. 2016లో మొదలై 2023 ఆగస్టుకల్లా నెలకు వెయ్యి కోట్ల లావాదేవీలు దాటింది. వసూలు కోసం ఊళ్లు తిరగడం చాలా తగ్గింది. అయితే ఉన్న డబ్బును అది వేగంగా పంపుతుందే తప్ప లేని డబ్బును తేలేదు. కెన్యాలో కూడా 2007లో వచ్చిన ఎం-పెసా అనే మొబైల్ డబ్బు సేవ ముందు డబ్బు పంపడమే నేర్పింది, దాని మీద చిన్న అప్పులు ఇచ్చే ఏర్పాటు 2012లో గానీ రాలేదు. మన దగ్గర యూపీఐ, జీఎస్టీ రికార్డు చూసి అప్పిచ్చేవాళ్లు ఇప్పుడు వస్తున్నారు, మంచిదే. అదే రికార్డు పన్ను నోటీసు కూడా తెస్తుంది. 2025 జూలైలో కర్ణాటకలో చిన్న వ్యాపారులకు యూపీఐ లెక్కల ఆధారంగా నోటీసులు వెళ్తే, బెంగళూరులో చాలా షాపులు క్యూఆర్ కోడ్ తీసేసి నగదే ఇమ్మన్నాయి. విధానం రాసేవాళ్లు ఒకటి అనుకుంటారు, బజారు దాన్ని తన భయాలతో చదువుకుంటుంది.

ఇంకొకటి త్వరగా చెప్పేస్తాను. పైపుల ధర వాటి ముడిసరుకైన పీవీసీ రెసిన్ మీద, రెసిన్ ధర దిగుమతుల మీద, డాలరు మీద ఆధారపడుతుంది. 2021లో రెసిన్ ఆకాశానికి వెళ్లింది, 2022లో సగానికి దిగింది. పెరుగుతుందంటే ప్రతి డీలరూ గోడౌను నింపుతాడు, తగ్గుతుందంటే ఎవరూ కొనరు. అంటే రైతు అవసరం మారకపోయినా కంపెనీ అమ్మకాలు ఊగిపోతాయి. ఒక కంపెనీ మార్చి టార్గెట్ పేరుతో మాకు స్టాకు ఎక్కించింది, ఏప్రిల్‌లో రేటు తగ్గించింది, తేడాకు ఇస్తామన్న క్రెడిట్ నోట్ రానేలేదు. ఏజెన్సీ ఒప్పందంలో రేటు తగ్గినప్పుడు పాత స్టాకు మీద తేడా ఇస్తారా లేదా అన్న వాక్యం కాగితం మీద రాయించుకోండి.

మీరు నిజంగా డీలర్‌షిప్ తీసుకునేటట్టయితే, వదిలేస్తున్న డీలరు టర్నోవర్ ఎంతని అడగొద్దు. అతని ఖాతా పుస్తకంలో ఫిబ్రవరి నుంచి మే దాకా వచ్చిన వసూళ్లు చూపించమనండి, కనీసం మూడు నాలుగేళ్లవి, వాటిలో ఒకటి ధర పడిన ఏడాది అయ్యుండాలి. మే నెలాఖరుకల్లా యార్డుకి వేసవి సెలవులు వచ్చేస్తాయి, అప్పటికి రాని బాకీ దాదాపు వచ్చే పంటదాకా రాదనే లెక్క. నగదు రేటు, అరువు రేటు మొదటి రోజు నుంచే వేరుగా బోర్డు మీద పెట్టండి. తర్వాత పెడితే బంధువులే తప్పుపడతారు. మొదటి ఏడాది మొత్తం అమ్మకంలో మూడో వంతుకి మించి అరువు ఇవ్వొద్దు. ఆ ఏడాది ఎవరు ఎప్పుడు కడతారో మీకు తెలుస్తుంది, రెండో ఏడాది ఎవరికి ఎంత ఇవ్వాలో దాన్నిబట్టి చూసుకోవచ్చు. మీది ఏ మండలమో, ఏ సరుకు అనుకుంటున్నారో రాస్తే అక్కడి పంటల గడువుల ప్రకారం పెట్టుబడి ఎంత కావాలో లెక్క వేసి చెబుతాను.