‘యూనిట్ టెస్టులు ఏవి?’ అని అడిగితే కోర్సు కాదు, ప్రాజెక్టు సర్దాలి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి హన్మకొండలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. పత్తిలో తేమను బట్టి రైతుకు ఎంత ధర వస్తుందో చెప్పే యాప్‌ను పైథాన్‌లో చేసింది. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో దాని గిట్‌హబ్ పేజీ చూసి, ‘కోడంతా ఒకే ఫైల్‌లో ఉంది, యూనిట్ టెస్టులు ఏవి?’ అని అడిగారట. తీసుకోలేదు. టెస్టింగ్ కోర్సుకు అమీర్‌పేట పంపమంటారా?

జవాబు: ఇప్పుడైతే వద్దండీ. అక్కడ టెస్టింగ్ కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది టెస్టర్ ఉద్యోగానికి పనికొచ్చేది. తయారైన అప్లికేషన్‌ను బయటి నుంచి పరీక్షించడం, సెలీనియం వంటి టూల్స్ వాడటం లాంటివి. మంచి ఉద్యోగమే, కానీ మీ అమ్మాయిని అడిగింది దాని గురించి కాదు. యూనిట్ టెస్టులంటే కోడ్‌లోని ఒక్కో చిన్న భాగం సరిగ్గా పనిచేస్తోందా అని చూసే చిన్న ప్రోగ్రాములు. వాటిని కోడ్ రాసినవాళ్లే, కోడ్‌తో పాటే రాసుకోవాలి. వాటిని నడిపే పైటెస్ట్ అనే పరికరం ఉచితం. యూనిట్‌టెస్ట్ అనే ఇంకో పరికరం పైథాన్‌లోనే ఉంటుంది. ఇంట్లో ఉన్న లాప్‌టాప్ చాలు. రోజూ రెండు గంటల చొప్పున రెండు మూడు వారాలు కూర్చుంటే ఈ ప్రాజెక్టే ఎవరికైనా చూపించేలా తయారవుతుంది. కొత్తది మొదలుపెడతానంటే ఆపండి. ఇక్కడి నుంచి అమ్మాయికే రాస్తున్నాను, చదివించండి.

అమ్మా, ముందు ఫోల్డర్ల సంగతి చూద్దాం. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ‘ఎస్‌ఆర్‌సి’ అని ఒకటి, దాని పక్కనే ‘టెస్ట్స్’ అని ఇంకొకటి పెట్టు. ఎస్‌ఆర్‌సి లోపల నీ ప్యాకేజీ పేరుతో, అంటే ‘పత్తి’ అనుకుందాం, ఒక ఫోల్డర్ ఉండాలి. నీ ఒక్క ఫైల్‌లో ఉన్నదాన్ని అందులో మూడు ఫైళ్లుగా విడదీయి: లెక్కలు, డేటాబేస్, ఫ్లాస్క్ (వెబ్ పేజీలు తయారుచేసే పైథాన్ పరికరం) పేజీలు. లెక్కల ఫైల్‌లో ఫ్లాస్క్ పేరు గానీ డేటాబేస్ పేరు గానీ కనిపించకూడదు. తేమ శాతం, మద్దతు ధర ఇస్తే క్వింటాలు ధర తిరిగి రావాలి, అంతే. ఈ ఒక్కటి పాటిస్తే టెస్టులు రాయడంలో సగం కష్టం పోతుంది.

పైప్రాజెక్ట్ టామల్ ఫైల్‌ను అన్నిటికంటే పై ఫోల్డర్‌లో పెట్టి, ప్రాజెక్టు పేరు, వెర్షన్, ఫ్లాస్క్ మీద ఆధారపడుతోందన్న సంగతి రాయి. తర్వాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టుకు మాత్రమే వాడే విడి పైథాన్) తెరిచి ‘పిప్ ఇన్‌స్టాల్’, హైఫన్ ఈ, ఖాళీ వదిలి ఒక చుక్క కొట్టు. దీంతో నీ ప్యాకేజీ ఎడిటబుల్‌గా ఇన్‌స్టాల్ అవుతుంది, కోడ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. టెస్ట్ నడిపితే ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అని వస్తుంది. అప్పుడు ప్రతి టెస్ట్ ఫైల్ పైన సిస్ పాత్‌కు, అంటే పైథాన్ మాడ్యూళ్లను వెతికే ఫోల్డర్ల జాబితాకు, ఫోల్డర్ అతికించే రెండు లైన్లు రాసి గట్టెక్కుతారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ రెండు లైన్లు చూస్తే చాలు, ఇంపోర్ట్ ఎలా పనిచేస్తుందో తెలియదని పట్టేస్తారు. నిజానికి పైటెస్ట్ మామూలుగా టెస్ట్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ను వెతుకులాటలో చేరుస్తుంది గానీ నీ ఎస్‌ఆర్‌సిని తనంతట తాను చేర్చదు.

మరి ఎస్‌ఆర్‌సి అనే అదనపు ఫోల్డర్ ఎందుకు? ప్యాకేజీ నేరుగా పైన ఉంటే, పైథాన్ హైఫన్ ఎమ్ పైటెస్ట్ అని నడిపినప్పుడు నువ్వున్న ఫోల్డర్‌లోంచే దాన్ని తీసేసుకుంటుంది. ఇన్‌స్టాల్ తప్పుగా ఉన్నా నీ దగ్గర టెస్టులు పాసవుతాయి, ఇంకొకరి మిషన్‌లో యాప్ లేవదు. ఎస్‌ఆర్‌సి ఉంటే ఆ తప్పు నీ దగ్గరే బయటపడుతుంది. చిన్న ప్రాజెక్టులకు ఇది లేకపోయినా నడుస్తుందనే వాళ్లూ ఉన్నారు. నువ్వు మాత్రం పెట్టు, ఎందుకు పెట్టావో చెప్పగలగాలి.

పేర్ల దగ్గర జాగ్రత్త. టెస్ట్ ఫైల్ పేరు, అందులోని ఫంక్షన్ పేరు రెండూ ‘టెస్ట్ అండర్‌స్కోర్’తో మొదలవ్వాలి. వేరే పేర్లు పెడితే పైటెస్ట్ వాటిని పట్టించుకోకపోవచ్చు, ఏ టెస్టూ నడవలేదని చెప్పి ఊరుకోవచ్చు. ఫోల్డర్‌కు ఉత్త ‘టెస్ట్’ అని పెట్టకు, పైథాన్‌లో ఆ పేరుతో ఇప్పటికే ఒక ప్యాకేజీ ఉంది. ధరల ఫైల్ చదివే కోడ్‌కు ‘సీఎస్‌వీ’ అని పేరు పెడితే, అసలు సీఎస్‌వీ మాడ్యూల్ బదులు నీ ఫైలే ఇంపోర్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ఎర్రర్ ఎక్కడి నుంచి వచ్చిందో అంతుపట్టక రోజంతా పోతుంది.

ఇప్పుడు అసలు టెస్టులు. నీ విషయం ఇక్కడే కలిసొచ్చింది. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలులో తేమ 8 శాతం ఉంటే ఆ ధర పూర్తిగా వస్తుంది. అక్కడి నుంచి పెరిగిన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం కోత, 12 దాటితే తీసుకోరు. అంటే 8 దగ్గర 8,110, 10 దగ్గర 7,947.80, 12 దగ్గర 7,785.60 రావాలి. 12.1 ఇస్తే వాల్యూ ఎర్రర్, అంటే ‘ఈ విలువ చెల్లదు’ అనే ఎర్రర్, రావాలి. ఈ నాలుగూ నాలుగు టెస్టులు. ఒకే టెస్టును వేర్వేరు విలువలతో నడిపే పారామెట్రైజ్‌ను పైటెస్ట్‌లో వాడితే మొదటి మూడూ ఒకే ఫంక్షన్‌లో ఇమిడిపోతాయి. ఇది రాస్తుంటేనే, తేమ 8 కంటే తక్కువుంటే ఏమివ్వాలి, ఖాళీగా వదిలేస్తే ఏమవ్వాలి అనే ప్రశ్నలు పుడతాయి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో కనుక్కొని, ఆ జవాబును కూడా టెస్టుగా రాయి.

టెస్టు పాసైందని సంబరపడకముందు ఒక పని చెయ్యి. కోడ్‌లో ‘12 కంటే ఎక్కువ’ అన్న చోట ‘12 లేదా అంతకంటే ఎక్కువ’ అని కావాలని మార్చు. 12 దగ్గరి టెస్ట్ ఎర్రబడాలి, అంటే ఫెయిల్ కావాలి. ఏదీ ఎర్రబడకపోతే నీ టెస్టులు ఆ హద్దును కాపాడటం లేదు. అలాంటి పొరపాటు నిజంగా దొర్లితే, సరిగ్గా 12 శాతం తేమతో వచ్చిన రైతును నీ యాప్ వెనక్కి పంపేస్తుంది. చూశాక మార్పు వెనక్కి తీసుకో.

డబ్బు లెక్కకు ఫ్లోట్ (పైథాన్‌లో దశాంశ సంఖ్యలకు మామూలుగా వాడే రకం) వాడావేమో చూసుకో. 0.1కి 0.2 కలిపితే పైథాన్‌లో 0.30000000000000004 వస్తుంది. రౌండ్ ఫంక్షన్‌కు 2.5 ఇస్తే 3 కాదు, 2 వస్తుంది, ఎందుకంటే సరిగ్గా సగం దగ్గర అది సరిసంఖ్య వైపు వెళ్తుంది. దాని బదులు, దశాంశాలను ఉన్నదున్నట్టు ఉంచే డెసిమల్ వాడు. విలువను కొటేషన్లలో స్ట్రింగ్‌గా ఇవ్వు, నేరుగా ఫ్లోట్ ఇస్తే ఆ తేడా కూడా వెంట వస్తుంది.

డేటాబేస్ టెస్టుల్లో అసలు ఫైల్‌ను ముట్టుకోకు. టెస్టుకు కావలసినవి ముందే సిద్ధం చేసి ఇచ్చేదాన్ని ఫిక్స్చర్ అంటారు. పైటెస్ట్ ఇచ్చే ‘టీఎంపీ పాత్’ ఫిక్స్చర్‌తో ప్రతి టెస్టుకూ కొత్త తాత్కాలిక ఫోల్డర్ దొరుకుతుంది, అందులో ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్ తెరువు. ఒకటి కంటే ఎక్కువ ఫైళ్లకు కావలసిన ఫిక్స్చర్లను కాన్ఫ్‌టెస్ట్ ఫైల్‌లో పెట్టు. ఫ్లాస్క్ యాప్‌ను ఫైల్ పైభాగాన కాకుండా ఒక ఫంక్షన్ లోపల తయారుచెయ్యి. లేదంటే ఇంపోర్ట్ చేసిన క్షణంలోనే అసలు డేటాబేస్ తెరుచుకుంటుంది.

విడదీసేటప్పుడు తొందరపడకు. పాత ఫైల్ ఎలా ఉందో అలాగే ఉంచి, ముందుగా ధర లెక్కకు టెస్ట్ రాయి. తర్వాత ఒక్కో ఫంక్షన్‌ను కొత్త ఫైల్‌లోకి జరుపు, టెస్ట్ నడుపు, కమిట్ చెయ్యి (ఆ మార్పును గిట్‌లో నమోదు చెయ్యి). అంతా ఒకే కమిట్‌లో వేస్తే నువ్వు చేసినట్టు కాక ఎక్కడో దొరికినట్టు కనిపిస్తుంది. చిన్న చిన్న కమిట్లు ఉంటే నీ ఆలోచన వరుసగా తెలుస్తుంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్ గిట్‌హబ్‌కు ఎక్కకుండా దాన్ని గిట్ ఇగ్నోర్ ఫైల్‌లో వేయడం మరవకు.

రెజ్యూమెలో ‘పైటెస్ట్ తెలుసు’ అని రాయకు. ‘సీసీఐ తేమ కోత నియమాలకు 8, 12 శాతం హద్దుల దగ్గర టెస్టులు రాశాను’ అని రాయి, లింకు ఇవ్వు. మడికొండ ఐటీ పార్కులోనైనా, కరీంనగర్ ఐటీ టవర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా తర్వాతి ప్రశ్న ‘ఒక టెస్ట్ ఫెయిల్ చేసి చూపించు’ అనే వచ్చే అవకాశం ఉంది. ఆ 12 దగ్గరి మార్పును చేతులు తడబడకుండా చేసి చూపించేదాకా ఇంట్లో సాధన చెయ్యి.