గడ్డకట్టిన కప్ప కండరాలు ఎందుకు చెడిపోవు?

ప్రశ్న: అమెరికాలో ఒక కప్ప చలికాలమంతా రాయిలా గడ్డకట్టి, మంచు కరిగాక లేచి గెంతుతుందట. గుండె ఆగితే కండరాలు పాడవవా? మన బోదురు కప్పను ఫ్రీజర్‌లో పెడితే అట్లాగే బతుకుతుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఫ్రీజర్ సంగతి. దయచేసి పెట్టకండి, చచ్చిపోతుంది. ఆదిలాబాద్ చలిలో కూడా మన కప్పలకు గడ్డకట్టే అవసరం రాదు. వాటి బాధంతా ఎండాకాలంతోనే, అందుకే మట్టిలో దూరి పడుకుంటాయి.

మీరు విన్నది వుడ్ ఫ్రాగ్ గురించి. అలాస్కా దాకా ఉంటుంది. దాన్నయినా నేరుగా మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వేస్తే బతకదు. దానికి నిదానంగా, గంటల తరబడి గడ్డకట్టే వ్యవధి కావాలి. చర్మానికి మంచు తగిలిన కొన్ని నిమిషాల్లోనే కాలేయం తనలో నిల్వ ఉన్న పిండిపదార్థం గ్లైకోజెన్‌ను గ్లూకోజ్ అనే చక్కెరగా మార్చడం మొదలుపెడుతుంది. గుండె ఆగేలోపే రక్తం దాన్ని అవయవాలకు చేర్చాలి. ఒంట్లో నీరు 65 శాతం దాకా మంచవుతుంది. అయితే ఆ మంచు కణాల బయటే, చర్మం కింద, పొట్ట ఖాళీలో పేరుకుంటుంది. కణం లోపల చిక్కటి చక్కెర ద్రవం మిగులుతుంది.

చిక్కంతా కాళ్ల కండరాలతోనే. అవి ఒంటి అంచున ఉంటాయి కనుక ముందే గడ్డకడతాయి, రక్తం త్వరగా ఆగిపోతుంది. గుండెకు, కాలేయానికి అందినంత గ్లూకోజ్ వాటికి అందదు. ఉన్న కొద్దిపాటితోనే నెట్టుకురావాలి. అందుకు కణాల్లో రసాయన చర్యలు నడిపే ప్రోటీన్లు, అంటే ఎంజైములు, పని తీరు మార్చుకుంటాయి. గ్లూకోజ్‌ను వాడకంలోకి లాగే ఎంజైము హెక్సోకైనేజ్, గడ్డకట్టిన కండరంలో దాన్ని మరింత గట్టిగా పట్టుకుంటుంది. క్రియాటిన్ కైనేజ్ అనే ఇంకో ఎంజైము, కండరంలోని క్రియాటిన్ ఫాస్ఫేట్ నిల్వలోంచి అప్పటికప్పుడు ఏటీపీ, అంటే కణాలు ఖర్చుపెట్టుకునే శక్తి అణువు, తయారుచేసి ఇస్తుంది. ఆక్సిజన్ లేదు కాబట్టి లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము, గ్లూకోజ్ విడగొడితే వచ్చే పైరువేట్‌ను లాక్టేట్‌గా మారుస్తూ ఉంటేనే గ్లూకోజ్‌ను విడగొట్టే పని ఆగదు. ఈ దారిలో ఒక్కో గ్లూకోజ్‌కు దక్కేది 2 ఏటీపీలే.

ఈ మార్పులకు కొత్త ఎంజైములు తయారు కానక్కర్లేదు. ఉన్నవాటికే ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్కను అతికించడం, తీసేయడం చాలు. ఒకటి అతికించడానికి ఒక ఏటీపీ చాలు. కొత్త ప్రోటీన్ కట్టాలంటే అందులోని ఒక్కో ముక్కకు, అంటే ఒక్కో అమైనో ఆమ్లానికే సుమారు 4 ఏటీపీల ఖర్చు. అంత కరువులో అది కుదిరే పని కాదు.

కరిగేటప్పుడు ఇంకో గండం ఉంది. ఒక్కసారిగా ఆక్సిజన్ రావడంతో కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. వాటిని తట్టుకోవడానికి కణానికి కావలసిన ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువును గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము అందిస్తుంది. ముందు గుండె కొట్టుకుంటుంది, తర్వాత ఊపిరి. వెనక కాళ్లకు సత్తువ వచ్చేది అన్నిటికన్నా ఆఖరున.