చలికాలంలో చిన్న గుడ్లగూబలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పైన్, స్ప్రూస్ లాంటి సూదాకుల చెట్ల గుంపుల్లో ఎంత వెతికినా సా-వెట్ గుడ్లగూబ కంటపడటం లేదు. ఎలా వెతకాలి?

జవాబు: తలెత్తి కొమ్మలన్నీ గాలించకండి. ముందు చెట్టు మొదలు చూడండి. ఉత్తర అమెరికాకు చెందిన ఈ పక్షి పొడవు 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ. పగలంతా కదలకుండా కూర్చుంటుంది. నచ్చిన కొమ్మ దొరికితే రోజుల తరబడి అక్కడికే వస్తుంది కాబట్టి కింద రెట్ట పేరుకుంటుంది. గుడ్లగూబ రెట్ట నిట్టనిలువుగా పడి సున్నం చల్లినట్టు ఒకేచోట మరకలు కడుతుంది, డేగ రెట్ట చారలా దూరంగా చిమ్ముతుంది. మంచు మీద తెల్ల రెట్ట తెలియదు గనక కింది కొమ్మలనూ కాండాన్నీ చూడాలి.

అంతకంటే గట్టి ఆధారం, గుడ్లగూబ కక్కే ఉండలు. అరగని ఎముకలు, బొచ్చు కలిసి వేలి కణుపంత ఉంటాయి. నల్లగా, తడి మెరుపుతో ఉంటే తాజావి. వెలిసిపోయి, ముట్టుకుంటే పొడి అవుతుంటే ఆ కొమ్మ వదిలేసి చాలాకాలమైంది. కొత్తగా మంచు కురిసిన మర్నాడు వెతకడం మేలు: మంచు పైన కనిపించేవన్నీ తాజావే.

ఆనవాలు దొరికాక నాలుగడుగులు వెనక్కి జరిగి, చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ చూడండి. చాలాసార్లు మనిషి ఎత్తులోనే, ఆకులు బాగా ఒత్తుగా ఉన్నచోట ఉంటుంది. కాండం పక్కనే వెతికి ఊరుకోకండి, కొమ్మ చివర్లు కూడా చూడండి. కొమ్మలు తోసుకుంటూ లోపలికి దూరితే దాని మరుగే పోతుంది.

ప్రశ్న: మరో చిన్న గుడ్లగూబ అయిన పిగ్మీ గుడ్లగూబకూ ఇదే పద్ధతా?

జవాబు: కాదు. అది పగలే వేటాడుతుంది, చెట్టు కొనమీద బాహాటంగా కూర్చుంటుంది. చికడీలు, నట్‌హ్యాచ్‌లు అనే చిన్న పిట్టలు ఒకేచోట గుమిగూడి గోల చేస్తుంటే అటు బైనాక్యులర్ తిప్పండి.

ప్రశ్న: మూడు మీటర్ల దగ్గరికి వెళ్లినా సా-వెట్ గుడ్లగూబ ఎగరలేదు. మనుషులంటే భయం లేనట్టేనా?

జవాబు: భయపడితే బిగుసుకుపోవడమే దాని రక్షణ. ఒళ్లు సన్నగా సాగదీసి, ఈకలు అదుముకుని, కళ్లు సన్నగా చేసి చూస్తుంటే మీరు హద్దు దాటారు. వెంటనే వెనక్కి రండి. పగలు ఎగిరితే చిన్న పిట్టలు వెంటపడతాయి, పెద్ద గుడ్లగూబల కంటపడుతుంది, చలిలో దాచుకున్న శక్తి వృథా. కళ్లు తెరిపించడానికి ఈల వేయడం, రికార్డు చేసిన కూత వినిపించడం, ఎలుకను ఎర వేయడం వద్దే వద్దు. కునుకు తీస్తున్న ఫోటో కూడా మంచి ఫోటోనే! అది కూర్చున్న చోటు వివరాలు ఎక్కడా పెట్టకండి.

ప్రశ్న: ఫోటోలు మసకగా, ముఖం నల్లగా వస్తున్నాయి.

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. వెనక మంచు ఉంటే కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది, ఎక్స్‌పోజర్ +1 నుంచి +1.7 వరకు పెంచండి. ముదురు ఆకుల నీడలో ఉంటే పెంచకండి, ముఖంలోని తెల్ల గీతలు కాలిపోతాయి. కెమెరాలో వెలుగునీడల పంపకం చూపే గ్రాఫ్ (హిస్టోగ్రామ్) చూసుకోండి.

మసకకు ఎక్కువగా కారణం ముందున్న పుల్ల మీద ఫోకస్ పడటం. ఒకే చిన్న ఫోకస్ బిందువును కంటిమీద పెట్టండి, అప్పటికీ జారితే ఫోకస్ రింగును చేత్తో తిప్పండి. 400–500 మి.మీ. లెన్స్, ట్రైపాడ్, ఎఫ్/5.6–8 ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే కొలత), 1/125 సెకను షట్టర్ వేగం, చప్పుడు లేని సైలెంట్ షట్టర్ చాలు. ఫ్లాష్ అక్కర్లేదు. వెచ్చటి కారులోంచి అప్పుడే తీసిన లెన్స్ కూడా మసక తెస్తుంది, అరగంట బయట చల్లబడనివ్వండి. తిరిగి ఇంట్లోకి వెళ్లే ముందు కార్డు, బ్యాటరీ తీసుకుని కెమెరాను సంచిలో గాలి చొరకుండా మూసేయండి. లేకపోతే అద్దాల మీద చెమ్మ పడుతుంది. అదనపు బ్యాటరీ లోపలి జేబులో ఉంచండి.