రక్తం తీసే ముందు అడగాల్సినవి

ఒంగోలు

చి. అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉబ్బసంలోనూ కీళ్ళవాతంలోనూ రోగనిరోధక వ్యవస్థ ఏం చేస్తోందో మన ప్రాంతం మనుషుల్లోనే చూస్తావట. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ల్యాబ్ నడిపినవాణ్ణి, నువ్వు అడక్కపోయినా నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

ఎలర్జీ జబ్బైన ఉబ్బసాన్నీ, ఒళ్ళు తన మీద తానే దాడి చేసుకునే ఆటోఇమ్యూన్ జబ్బైన కీళ్ళవాతాన్నీ ఒకే గాటన కట్టేశావేంటని కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకో. టీ కణాలంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. వాటిలో మిగతావాటిని అదుపులో పెట్టేవి వేరే ఉన్నాయని 1995లో జపాన్‌లో సకగుచి అనే శాస్త్రవేత్త చూపించాడు. 2001లో అమెరికాలో బ్రంకో, రామ్స్‌డెల్ అనేవాళ్ళు ఫాక్స్‌పీ3 జన్యువును పట్టుకున్నారు. ఆ అదుపు కణాలను నడిపేది అదే. ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది. ఆ జన్యువు చెడిపోయిన మగపిల్లలకు పసితనంలోనే షుగరు, ఒళ్ళంతా ఎగ్జిమా, ఆగని విరేచనాలు. రక్తం చూస్తే ఎలర్జీలో పెరిగే ఐజీఈ అనే ప్రతిరక్షకం ఎక్కువ, ఇసినోఫిల్స్ అనే తెల్ల కణాలు ఎక్కువ. సొంత ఒంటి మీద దాడి, ఎలర్జీ, రెండూ ఒకే బిడ్డలో. అయితే అది బహు అరుదైన జబ్బు. కొండపి నుంచి ఆయాసంతో వచ్చే ఆవిడకీ అదే కారణమని మాత్రం రాయకు.

ఉబ్బసమని చీటీలో ఉన్న ప్రతి మనిషినీ ఒక గుంపులో పడేయొద్దు. ఇసినోఫిల్స్‌ను పెంచే ఐఎల్-5 అనే సంకేతాన్ని ఆపడానికి మెపోలిజుమాబ్ అనే మందు తయారుచేశారు. మొదట్లో ఉబ్బసం వాళ్ళను పెద్దగా ఏరకుండా ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ గుణం కనపడలేదు. 2009లో ఇసినోఫిల్స్ తగ్గకుండా ఉన్నవాళ్ళనే ఏరి ఇస్తే ఆయాసం ముదిరే సందర్భాలు బాగా తగ్గాయి. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. మందు అదే, మనుషుల్ని ఏరడమే మారింది. నువ్వూ ముందు ఊదించి చూడు. ఊపిరి గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ మందు పీల్చాక మొదటి సెకనులో వదిలే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు, రెండూ పెరిగితే ఉబ్బసమని ధైర్యంగా రాసుకో. పెరక్కపోతే ఇంకో రోజు మళ్ళీ పిలువు. మన ఆడవాళ్ళు జనం ముందు గట్టిగా ఊదరు, సిగ్గు. చాటున ఊదించు.

ఇక ఇసినోఫిల్స్ సంగతి. పుస్తకాలు రాసిన దేశాల్లో అవి పెరిగితే ముందు ఎలర్జీ అనుకుంటారు. మన దగ్గర కడుపులో పురుగులున్నా పెరుగుతాయి, ఐజీఈ కూడా పెరుగుతుంది. మల పరీక్ష చేయించకుండా ఆ అంకె మీద ఏ సిద్ధాంతమూ కట్టకు. ఇంకొకటుంది. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుకు కొందరి ఒళ్ళు విపరీతంగా స్పందిస్తుంది. రాత్రుళ్ళు దగ్గు, పిల్లికూతలు, ఇసినోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 3000 దాటిపోతాయి. చూడ్డానికి అచ్చం ఉబ్బసమే. మూడు వారాలు డీఈసీ అనే ఫైలేరియా మందు బిళ్ళలు వేస్తే చాలామందికి తగ్గిపోతుంది. అలాంటివాళ్ళు పదిమంది నీ ఉబ్బసం గుంపులో దూరారంటే నీ గ్రాఫులు ఎంత అందంగా ఉన్నా దండగే.

అన్నిటికంటే పెద్ద చిక్కు, పొట్లాల్లో కట్టిచ్చే మందులతో. ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చే రంగు బిళ్ళల్లో స్టెరాయిడ్ ఉందో లేదో వేసుకునేవాళ్ళకు తెలియదు. బిళ్ళ పడ్డ కొన్ని గంటల్లోనే రక్తంలో ఇసినోఫిల్స్ జారిపోతాయి. స్టెరాయిడ్ వాడుతున్నారా అని అడిగితే లేదనే అంటారు. అలా అడగకు. "నొప్పులకు, ఆయాసానికి ఏం వేసుకుంటున్నావమ్మా, ఆ సంచీ ఒకసారి చూపిస్తావా?" అను. సంచీ బోర్లించాక కూర్చుని రాసుకో. రక్తం కూడా అందరికీ ఒకే వేళ తియ్యి, పొద్దుటికీ రాత్రికీ ఆ లెక్క మారుతుంది.

ఏం పని చేస్తారో వివరంగా రాసుకోవాలి. కూలి అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోను. టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్‌కు వెళ్ళే ఆడవాళ్ళు పీల్చేది ఒక దుమ్ము, మార్కాపురం పలకలు కోసేవాళ్ళు పీల్చేది ఇంకో దుమ్ము. 1953లో వేల్స్‌లో కాప్లాన్ అనే డాక్టరు, కీళ్ళవాతం ఉన్న బొగ్గుగని కార్మికుల ఊపిరితిత్తుల్లో ఒక ప్రత్యేకమైన రకం గడ్డలు గమనించాడు. రాతిలోని క్వార్ట్జ్ నుంచి లేచే సిలికా దుమ్ము పీల్చేవాళ్ళకు కీళ్ళవాతం, లూపస్, స్క్లీరోడెర్మా లాంటి ఆటోఇమ్యూన్ జబ్బుల ముప్పు ఎక్కువని తర్వాత చాలా దేశాల్లో తేలింది. అలాగని చీమకుర్తి క్వారీకి పరిగెత్తకు. గెలాక్సీ గ్రానైట్ అని మనం పిలిచేది నిజానికి గాబ్రో జాతి రాయి, అందులో క్వార్ట్జ్ తక్కువ. సిలికా కోసమైతే పలకల వైపు వెళ్ళు. పోల్చడానికి తీసుకునే ఆరోగ్యవంతులు కూడా అదే ఊరివాళ్ళు, అదే పని చేసేవాళ్ళు కావాలి. హాస్టల్ పిల్లల రక్తంతో సరిపెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది, నాకు నచ్చదు.

సొంత కణాల కేంద్రకాల మీద తిరగబడే ప్రతిరక్షకాలను వెతికే ఏఎన్ఏ పరీక్ష పాజిటివ్ రాగానే లూపస్ అనుకోవద్దు. ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా రక్తరసిని 160 రెట్లు పలచన చేసి (1:160) చూసినా నూటికి సుమారు అయిదుగురికి వస్తుంది.

శాంపిల్ శుభ్రంగా ఉండాలని ఎవరి ఇన్‌హేలరూ ఆపించకు. గైడ్ చెప్పినా ఆపించకు. వాడుతున్నారని రాసుకుని లెక్కల్లో సర్దుకోవడమే. రిపోర్టులు వాళ్ళ చేతికివ్వు, ఫైలేరియా అనుమానం ఉంటే అదే వారం వైద్యానికి పంపు.

సమ్మతి పత్రం ఇంగ్లీషులో రాసి తర్వాత తెలుగు చేయించొద్దు. మొదటే తెలుగులో రాసి నాకు పంపు. మీ పెద్దమ్మకు చదివి వినిపిస్తాను. ఆవిడ రెండోసారి అడిగిన ప్రతి వాక్యాన్నీ మార్చి తిరిగి పంపిస్తాను, ఎథిక్స్ కమిటీకి అప్పుడు ఇద్దువుగాని.

మీ పెదనాన్న