దీపం ముందు పది నిమిషాలు

ప్రశ్న: నేను నల్లగొండలో ఉంటూ, రోజూ బస్సులో పల్లె బడికి వెళ్లి వచ్చే ఉపాధ్యాయురాలిని. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే, మళ్లీ నడుము వాల్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. మా అమ్మలాగా నిదానంగా పూజ చేసుకోవాలని ఎంతో ఉన్నా, దీపం వెలిగిస్తూనే కుక్కర్ విజిళ్లు లెక్కపెడుతుంటాను. ఇంకో అరగంట ముందు లేవాలని ప్రయత్నించి వారానికే నీరసపడ్డాను. నా భక్తిలోనే లోపముందా?

– ఒక సోదరి, నల్లగొండ

జవాబు: అమ్మా, మీ భక్తిలో ఏ లోపమూ లేదు, మీకు నిద్ర చాలడం లేదు. అతిగా నిద్రపోయేవారికే కాదు, బొత్తిగా మేలుకొని ఉండేవారికీ యోగం సిద్ధించదని భగవద్గీత ఆరో అధ్యాయంలోనే ఉంది. కాబట్టి ఆ అరగంటను మీ నిద్రలోంచి తీయకండి. ముందు లేవడం మానేసి, వీలైతే రాత్రి పదింటికే పడుకోండి.

పొద్దున పూజను ఒక నమస్కారంతో ముగించినా దోషం లేదు. సాయంత్రం బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, పొయ్యి ముట్టించకముందే దీపం దగ్గర కూర్చోండి. వత్తి కొసను నూనెలో తడిపి వెలిగించి, మొదట చిటపటలాడిన మంట నెమ్మదించి నిటారుగా నిలబడేదాకా చూస్తూ ఉండండి. స్తోత్రం పూర్తి చేయాలన్న నియమం పెట్టుకోవద్దు. ఒక్క నామం చాలు, అదీ రాని రోజున ఊరికే కూర్చున్నా చాలు. ఫోన్ పక్క గదిలో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ పది నిమిషాలు మిమ్మల్ని ఎవరూ పిలవకూడదని ఇంట్లో నోరు తెరిచి చెప్పండి. మన ఇళ్లల్లో ఆడవాళ్లు అడగకుండా ఆ తీరిక దొరకడం అరుదు, అడగడానికి మొహమాటపడి ఏళ్లు గడిపేసినవాళ్లను నేను చాలామందినే చూశాను.

బస్సులో జపం చేయవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. నిస్సంకోచంగా చేయవచ్చు, అయితే అలసటగా ఉంటే కళ్లు మూసుకుని కునుకు తీయడమే మేలు.

వీలున్న ఆదివారం పొద్దున, ఊరికి దగ్గరలోనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లి రండి. కుందూరు చోళుల కాలం నాటి, మూడు గర్భగుళ్లున్న ఆ త్రికూటాలయంలో, ఒక గర్భగుడిలోని శివలింగం వెనుక గోడ మీద స్తంభం ఆకారంలో నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. మంటపంలోని స్తంభాల అమరిక, వాటి మధ్య నుంచి లోపలికి వచ్చే వెలుతురు వల్ల ఏర్పడే నీడ అది. దర్శనం కాగానే తిరిగి రాకుండా, మంటపంలో ఒక స్తంభానికి ఆనుకుని, ఆ నీడను చూస్తూ ఒక గంట కూర్చోండి. ఆ పూట వంట ఇంట్లో ఇంకొకరిదని బయలుదేరే ముందే చెప్పి వెళ్లండి.