పాత ఫైలు తీసేస్తే సరిపోదమ్మా

ప్రశ్న: నమస్కారమండి. ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల వాళ్లకి నీళ్లు, సీడు, వైట్‌స్పాట్ (రొయ్యలకి వచ్చే వైరస్ జబ్బు) పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రైతు తన ఫోన్ నంబరుతో మా వెబ్‌సైట్‌లోకి వెళ్లి రిపోర్టు చూసుకుంటాడు. సైటు తయారుచేసిన అబ్బాయి హైదరాబాద్ వెళ్లిపోయాక ఆ పనీ నా మీదే పడింది. మొన్న సైటు ఫోల్డర్‌లో ‘కాన్ఫిగ్.పీహెచ్‌పీ.ఓల్డ్’ అని ఒక ఫైలు కనిపించింది. ఆ పేరు బ్రౌజర్‌లో కొడితే డేటాబేస్ పాస్‌వర్డ్, ఎస్సెమ్మెస్ కంపెనీ ఇచ్చిన కీ, మా మెయిల్ పాస్‌వర్డ్ ఉన్నవి ఉన్నట్టు తెర మీద పడ్డాయండి. వెంటనే ఫైలు తీసేశాను. పాస్‌వర్డ్‌ని బేస్64లోకి మార్చి పెట్టుకుంటే ఎవరికీ అర్థం కాదని ఆ అబ్బాయి అంటున్నాడు. అది చాలా? ఓనరు గారికీ, రైతులకీ చెప్పాలాండి?
– పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: మీ మెయిల్ చూసిన సాయంత్రమే ఫోన్ చేసి పాస్‌వర్డ్‌లన్నీ మార్పించాను కదమ్మా. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదది. ఇక్కడ రాస్తున్నది, ఇలాంటి ఫైలే తమ సర్వర్లో పడి ఉన్నా తెలియని మిగతావాళ్ల కోసం కూడా.

పీహెచ్‌పీ అని ముగిసే ఫైలుని సర్వర్ వండి వడ్డిస్తుంది, వంటింట్లో ఏముందో చూపించదు. సైటు మార్చేటప్పుడు పాతది ఉండనీ అని ఎవరో పేరు చివర ‘ఓల్డ్’ చేర్చారు. అంతే, చాలా సర్వర్లు దాన్ని మామూలు కాగితం అనుకుని అడిగినవాడి చేతికి అలాగే ఇచ్చేస్తాయి. అడిగేవాళ్లకి కొదవ లేదు. కాన్ఫిగ్.బ్యాక్, డాట్ ఎన్వ్, డాట్ గిట్ ఫోల్డరు, ఇలాంటి పేర్లు వరసగా కొట్టి చూసే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు ప్రతి సైటు గుమ్మమూ తడుతూనే ఉంటాయి. మీ ల్యాబ్ అంటే పడనివాడు ఎవడో ఉండాల్సిన పనేం లేదు.

మీరు పంపిన యాక్సెస్ లాగ్‌లో, అంటే ఎవరు ఏ ఫైలు అడిగారో సర్వర్ రాసుకునే చిట్టాలో, ఆ ఫైలు పేరున్న వరసలు రెండున్నాయి. రెండూ అర్ధరాత్రి దాటాక వచ్చినవే, రెండూ మీ ఊరి నుంచి వచ్చినవి కావు. పేరు పక్కన 404 ఉంటే ఫైలు దొరకలేదని, 403 ఉంటే సర్వర్ ఇవ్వనందని అర్థం. మీ వరసల్లో 200 ఉంది. దాని పక్కన 1184. అది సర్వర్ పంపిన బైట్ల లెక్క. తీసేసిన ఫైలు సైజు ఎంతని ఫోన్‌లో అడిగితే మీరు చెప్పినదీ 1184. అంటే ఫైలు మొత్తం బయటికెళ్లింది. ఆ తర్వాత దాన్ని తీసేస్తే ఇకపై కొత్తవాడికి దొరకదు, అంతవరకే. తీసుకెళ్లినవాడి దగ్గర అది ఉండనే ఉంది.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, 2015లో తణుకులో ఒక సంస్థకి సర్వర్లు చూసేటప్పుడు నేనూ ఇలాగే ఫైలు తీసేసి హమ్మయ్య అనుకున్నాను. పదకొండో రోజున ఆ మెయిల్ ఖాతా నుంచి వేలకొద్దీ దొంగ మెయిళ్లు వెళ్లాయి. ఆ పాస్‌వర్డ్ మార్చడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది.

బేస్64 సంగతి. అది తాళం కాదమ్మా, రాత మార్చడం మాత్రమే. ఎవరైనా క్షణంలో వెనక్కి తిప్పేస్తారు. రైతుల లాగిన్ పాస్‌వర్డ్‌లని బీక్రిప్ట్ లాంటి పద్ధతిలో హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని రాతగా మార్చి దాచవచ్చు, ఎందుకంటే అక్కడ సరిపోల్చుకుంటే చాలు. డేటాబేస్ పాస్‌వర్డ్ అలా కాదు. మీ సైటు ప్రతిసారీ దాన్ని డేటాబేస్‌కి అప్పజెప్పాలి కాబట్టి, అసలు మాట ఎక్కడో ఒకచోట చదవగలిగేలా ఉండాల్సిందే. అందుకే మన పని దాన్ని ఎక్కడ పెట్టాం, ఎవరు చదవగలరు అన్నదాని మీదే. మోటారు షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి స్టార్టర్ పెట్టె వెనక మేకుకి తగిలించేవాళ్లని మీరు చూసే ఉంటారు.

కాన్ఫిగ్ ఫైలుని, బ్రౌజర్‌కి అందే పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ ఫోల్డరు బయట, ఒక మెట్టు పైన పెట్టండి. దాని పర్మిషన్ 777 అని ఉందన్నారు. అంటే ఆ సర్వర్లో ఖాతా ఉన్నవాళ్లు ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు కూడా. దాన్ని 600 చేయండి, అప్పుడు ఫైలు సొంత ఖాతా మాత్రమే చదవగలదు. సైటు ఆగిపోతే గ్రూపు కూడా చదవగలిగే 640 పెట్టి, గ్రూపులో వెబ్ సర్వర్ ఒక్కటే ఉండేలా చూడండి. సైటు డేటాబేస్‌లోకి రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా వెళ్తోంది. దానికి వేరే యూజర్ని పెట్టి, ఆ ఒక్క డేటాబేస్‌లో చదవడం, రాయడం వరకే హక్కివ్వండి. డేటాబేస్‌కి దారి అయిన 3306 పోర్టు బయటికి మూసి ఉండాలి. ఆ అబ్బాయికి ఫైలుని వాట్సాప్‌లో పంపానన్నారే, అదొక కాపీ. కోడ్ గిట్‌లో (పాత మార్పులన్నీ దాచిపెట్టే సాధనం) ఉంటే పాత చరిత్రలో ఇంకొకటి. ఉబర్ ఇంజినీర్ల గిట్‌హబ్ కోడ్‌లో మిగిలిపోయిన కీలతోనే 2016లో 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. కాపీలన్నీ వెతికి చెరపడం మన వల్ల కాదు. పాస్‌వర్డ్ మార్చేస్తే అవన్నీ ఒట్టి కాగితాలవుతాయి.

ఇక చెప్పడం. ఓనరు గారికి ఈ లాగ్ వరసలు చూపించే చెప్పండి. ఇలాంటివి తెలిసిన 6 గంటల్లో తమకి తెలపాలని, సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం సర్ట్-ఇన్, సంస్థలకి 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది, అదీ ఆయన చెవిన వేయండి. ‘నీళ్ల రిపోర్టులే కదా, ఎవడికి కావాలి’ అని ఆయన అనొచ్చు. చెరువులో వైట్‌స్పాట్ పాజిటివ్ అని మీ రిపోర్టు వచ్చిందనుకోండి. రైతు రేపో ఎల్లుండో పట్టుబడి చేయక, అంటే రొయ్యలు పట్టి అమ్మేయక తప్పదు. ఆ సంగతి కొనేవాడికి ముందే తెలిస్తే కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే ఎంత అన్నదానికి) వాడు చెప్పిందే రేటు. ఆర్నెల్ల మేత అప్పు తీరుతుందా లేదా అన్నది ఆ ఒక్క ఫోన్‌కాల్‌లో తేలిపోతుంది. ఆ కాగితం రైతు మిమ్మల్ని నమ్మి మీ దగ్గర ఉంచాడు, అందుకే అతనికి చెప్పి తీరాలి.

ఎస్సెమ్మెస్ ఇలా పంపండి: ‘మీ రిపోర్టులున్న మా కంప్యూటర్ పాస్‌వర్డ్ కొన్నాళ్లు బయటికి కనిపించింది. ఇప్పుడు మార్చాం. మీ రిపోర్టు గురించి తెలియనివాళ్లు ఫోన్ చేస్తే మాకు చెప్పండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి.’ కింద ఓనరు గారి సొంత నంబరు వేయండి. రైతులు వెంటనే ఫోన్ చేస్తారు. అప్పుడు వాళ్లకి తెలిసిన గొంతు పలకాలి.