‘చూడ చూడ’ అంటే చూడటానికి అనేనా?

సందేహం: ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’ అన్న వేమన పద్యం చదివి మా అమ్మాయి, ‘రుచి నాలుకకు కదా తెలిసేది, చూస్తే ఎలా తెలుస్తుంది?’ అని అడిగింది. ‘చూడ’ రెండుసార్లు రావడం ఛందస్సు కోసమేనా?

సమాధానం: మీ అమ్మాయి పద్యాన్ని సరిగ్గా పట్టుకోవాల్సిన చోటే పట్టుకుంది.

తెలుగులో చూడటం కంటి పని ఒక్కటే కాదు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూస్తాం. వైద్యుడు నాడి చూస్తాడు. కుదురుతుందో లేదో చేసి చూస్తాం. ఎవరికి వారు పరీక్షించి తెలుసుకోవడమే ఇక్కడి చూపు.

ఈ పద్యం ఛందస్సు ఆటవెలది. దాని రెండో పాదానికి అయిదు సూర్యగణాలు (‘చూడ’, ‘రుచుల’ లాంటి చిన్న అక్షరాల గుంపులు) కావాలి కనుక, ఒక ‘చూడ’ తీసేస్తే గణం తగ్గుతుంది, నిజమే. అర్థం కూడా తగ్గుతుంది. ఇది ‘చూడన్ చూడన్’, అంటే చూడగా చూడగా. ‘తినగ తినగ వేము తియ్యనుండు’లో ఉన్నదీ, మనం రోజూ అనే ‘రాను రాను’, ‘పోను పోను’లో ఉన్నదీ ఇదే తీరు. పని మళ్లీ మళ్లీ జరిగి, కొంత కాలం గడిస్తే గాని సంగతి బయటపడదని సూచన. కాబట్టి ‘చూడటానికి ఒకేలా ఉన్నా’ అన్న తాత్పర్యం ఈ మాటకు అతకదు. ఆ అర్థం ‘ఒక్క పోలికనుండు’లో ముందే వచ్చేసింది.

‘జాడ’నూ గమనించండి. రుచులు వేరు అని ఊరుకోలేదు, రుచుల జాడ వేరు అన్నాడు. జాడ అంటే అడుగుల ఆనవాలు. తప్పిపోయిన దూడ జాడ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాల్సింది మనమే.

మూడో పాదం ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’ అంటుంది. ఎలా వేరో, ఏ గుర్తును బట్టి పోల్చుకోవాలో ఒక్క ముక్క చెప్పదు. వేషం చూడమనలేదు, పుట్టుక చూడమనలేదు, పెద్దలు చెప్పింది నమ్మమనలేదు. ‘చూడ చూడ’ అని పని మన చేతికిచ్చి తప్పుకున్నాడు. ఈ పద్యంలో నాకు అన్నిటికన్నా ప్రియమైనది ఆ మౌనమే. పిల్లలకు పద్యం కంటే ముందే తాత్పర్యం వల్లె వేయిస్తే మొదట పోయేది కూడా అదే.

ఇంట్లో ఉప్పు, పచ్చకర్పూరం పక్కపక్కన పెట్టి అమ్మాయిని పోల్చుకోమనండి (హారతి కర్పూరం వద్దు, అది తినేది కాదు). ఉప్పు రుచి చూశాక, పచ్చకర్పూరం వేసిన లడ్డూ ఒకటి పెట్టండి. తాత్పర్యం ఆ తర్వాత ఆమెనే రాయమనండి.